దాత, దేయం, ప్రతిగ్రహీత: సాలార్ జంగ్ మ్యూజియం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియాన్ని ఒక సంపన్నుడు జాతికి చేసిన దానంగా, ఒకే వ్యక్తి చేసిన సేకరణగా చెప్పుకోవడం పరిపాటి. ఈ రెండు మాటలు చారిత్రక ఆధారాల ముందు ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ధర్మశాస్త్రాలు చెప్పిన ఆరు దానాంగాలను, అంటే దాత, ప్రతిగ్రహీత, శ్రద్ధ, ధర్మయుక్తమైన దేయం, దేశం, కాలం అనేవాటిని విమర్శకు ఉపకరణంగా తీసుకొని ఈ సంస్థ పుట్టుకను, అమరికను, అందులోని కొన్ని ప్రసిద్ధ వస్తువులను ఈ వ్యాసం చదువుతుంది. మ్యూజియానికి మూలధనమైన జాగీరు ఆదాయం, వస్తువులను తయారుచేసిన పేరులేని పనివారు, వస్తువులను ప్రజలపరం చేసిన రాజకీయ పరిణామాలు ‘దానం’ అనే ఒక్క మాట వెనుక ఎలా మరుగునపడ్డాయో నిరూపిస్తుంది.

కీలకపదాలు: సాలార్ జంగ్, మ్యూజియం, దానాంగాలు, జాగీరు, సేకరణ, బిద్రీ, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం:

మ్యూజియం కూడా ఒక పాఠ్యమే. అందులో ఎంపిక ఉంది, క్రమం ఉంది, చెప్పినది ఉంది, చెప్పక విడిచినది ఉంది. కావ్యాన్ని చదివేటప్పుడు కర్త ఎవరు, కృతిపతి ఎవరు, ఏ కాలంలో ఎవరికోసం రాశారు అని అడుగుతాం. తాళపత్రప్రతిని పరిష్కరించేటప్పుడు ఆ ప్రతి ఎవరి ఇంటినుంచి వచ్చిందో, ఎన్ని చేతులు మారిందో విచారిస్తాం. ఇవే ప్రశ్నలను మ్యూజియం విషయంలో సాహిత్య విద్యార్థులమైన మనం అంతగా అడగలేదు. చరిత్రకారులకో, కళావిమర్శకులకో ఆ పని విడిచిపెట్టాం.

మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియంలో 46,000కు పైగా కళావస్తువులు, 8,000కు పైగా రాతప్రతులు, 60,000కు పైగా అచ్చుపుస్తకాలు ఉన్నాయి. దీన్ని పరిచయం చేసే రచనల్లో సాధారణంగా రెండు వాక్యాలు కనిపిస్తాయి. ‘ఇది ప్రపంచంలోనే ఒకే వ్యక్తి చేసిన అతిపెద్ద సేకరణల్లో ఒకటి’ అన్నది మొదటిది. ‘ఆ అమూల్య సంపద జాతికి దానంగా దక్కింది’ అన్నది రెండవది. పాఠ్యపుస్తకాల్లో, పర్యాటక కరపత్రాల్లో, పత్రికావ్యాసాల్లో తిరిగి తిరిగి ఇవి స్థిరపడ్డాయి. మొదటి వాక్యం కర్తృత్వానికి సంబంధించినది. రెండవది హక్కుకు సంబంధించినది. రెండింటినీ ఆధారాలతో సరిచూడవలసి ఉంది.

2. దానాంగాలు - విమర్శ పరికరం:

దానానికి ఆరు అంగాలు ఉంటాయని దేవలుని స్మృతివచనంగా ధర్మశాస్త్ర నిబంధన గ్రంథాలు చెబుతాయి. ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు, ఇవ్వడంలోని శ్రద్ధ, న్యాయంగా ఆర్జించిన దేయవస్తువు, తగిన చోటు, తగిన కాలం అనేవి ఆ ఆరు. తెలుగు దానశాసనాలను పరిశీలించినవారికి ఈ నిర్మాణం పరిచితమే. ఫలానా శకవర్షంలో, ఫలానా పుణ్యకాలాన, ఫలానావారు, ఫలానా దేవునికో బ్రాహ్మణునికో, ఫలానా ఎల్లలుగల భూమిని ఆచంద్రతారార్కంగా ఇచ్చారని శాసనం నమోదు చేస్తుంది. సాక్షుల పేర్లు, దానాన్ని హరించినవారికి శాపవచనాలు కూడా చేరుస్తుంది. అంటే దానం అనేది కేవలం ఒక మంచి మనసు కాదు, వివరాలతో నిలబడవలసిన ఒక వ్యవహారం.

ఒక షియా ముస్లిం ప్రభువంశం కూడబెట్టిన సేకరణకు ఈ కొలమానాన్ని వర్తింపజేయడం తగునా అన్న ప్రశ్న రావచ్చు. ఇక్కడ దానాంగాలను పుణ్యపాపాల నిర్ణయానికి కాక, అడగవలసిన ప్రశ్నల జాబితాగా మాత్రమే స్వీకరిస్తున్నాం. ఆ కుటుంబానికి సొంతమైన వక్ఫ్ సంప్రదాయంలోనూ ఇచ్చేవాడు ఎవరు, ఇచ్చిన ఆస్తి ఏది, దాని ఫలం ఎవరికి చెందాలి అనే ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం ఉండాలి. రెండు సంప్రదాయాలూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే గనుక ఈ పరికరం ఇక్కడ పనికివస్తుంది.

3. దాత:

మ్యూజియానికి పేరు తెచ్చిన సేకర్త నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్ జంగ్. 1889లో పుణెలో జన్మించారు. నెల నిండకముందే తండ్రి మీర్ లాయక్ అలీఖాన్, రెండవ సాలార్ జంగ్, మరణించారు. 1912లో, 23 ఏళ్ళ వయసులో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ప్రధానమంత్రి అయ్యారు. 1914లో ఆ పదవి విడిచిపెట్టారు. అప్పటినుంచి 1949 మార్చి 2న మరణించేవరకు, అంటే సుమారు 35 ఏళ్ళపాటు, వస్తుసేకరణే జీవితవ్యాపకంగా గడిపారు.

అయినా ఈ సేకరణ ఆయనతో మొదలుకాలేదు. మ్యూజియంలో అందరూ తప్పక చూసే ‘మేలిముసుగు రెబెకా’ చలువరాతి శిల్పాన్ని ఆయన తాత మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్ జంగ్, 1876లో ఐరోపా పర్యటనకు వెళ్ళినప్పుడు రోమ్‌లో సేకరించారు. మనుమడు పుట్టడానికి అది 13 ఏళ్ళ ముందటి మాట. మ్యూజియం భవనాలే ఈ విషయానికి సాక్ష్యం చెబుతున్నాయి. పడమటి భవనానికి తురాబ్ అలీఖాన్ పేరు, తూర్పు భవనానికి లాయక్ అలీఖాన్ పేరు పెట్టారు. భవనాల పేర్లు మూడు తరాలను గుర్తిస్తుండగా, ప్రచారంలోని వాక్యం మాత్రం ఒక్క తరాన్నే గుర్తిస్తోంది. కాబట్టి ‘ఒకే వ్యక్తి సేకరణ’ అనడంకంటే ‘ఒక వంశం సేకరణ, అందులో అధికభాగం మూడవ తరానిది’ అనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

మూడవ సాలార్ జంగ్ అవివాహితులు. ప్రత్యక్ష వారసులు లేరు. తెలుగు సంప్రదాయం సప్తసంతానాల్లో పుత్రునితోపాటు తటాకాన్ని, వనాన్ని, దేవాలయాన్ని, అగ్రహారాన్ని, కృతిని, ధననిక్షేపాన్ని లెక్కిస్తుంది. సంతానం లేని సేకర్తకు సేకరణే సంతానమైందని చెప్పుకోవడానికి ఈ భావన అందంగా అమరుతుంది. పుణెలోని రాజా దినకర్ కేళ్కర్ మ్యూజియం విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కేళ్కర్ చిన్నతనంలోనే మరణించిన తన కుమారుడు ‘రాజా’ పేరు మీద దీపపు కుందెలు, అడకత్తెరలు, తలుపులు, వంటపాత్రలు కూడబెట్టి, బతికుండగానే వాటిని మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. అక్కడ దాత ఉన్నారు, దానక్రియ ఉంది, ఉద్దేశం పేరులోనే ఉంది. సాలార్ జంగ్ విషయంలో దానక్రియ జరిగే సమయానికి సేకర్త లేరు. సప్తసంతాన భావన ఆయన వ్యాపకాన్ని వివరించగలదు గాని, ఆయన్ను దాతగా నిరూపించలేదు.

4. ప్రతిగ్రహీత:

సేకర్త మరణానంతరం ఆస్తి నిర్వహణకు ప్రభుత్వం ఒక ఎస్టేట్ కమిటీని ఏర్పరిచింది. అప్పటి హైదరాబాదు రాష్ట్ర పాలనాధికారి ఎం.కె. వెల్లోడి చొరవతో, నవాబు భవనాల్లో చెదిరి ఉన్న వస్తువులను మ్యూజియంగా అమర్చే పనిని డాక్టర్ జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడిలో జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. అప్పటికి ఇంకా యాజమాన్యం తేలలేదు. హైకోర్టు తీర్పు ఆధారంగా కుటుంబసభ్యులతో కుదిరిన రాజీ ఒప్పందం ద్వారా 1958లో సేకరణ భారతప్రభుత్వానికి సంక్రమించింది. 1961లో పార్లమెంటు చేసిన సాలార్ జంగ్ మ్యూజియం చట్టం దీన్ని, దీని గ్రంథాలయంతో సహా, జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. గవర్నరు అధ్యక్షతన పాలకమండలి ఏర్పడింది.

ఈ క్రమాన్ని గమనిస్తే న్యాయపరంగా దాతలు వారసులే అని తేలుతుంది. వారు ఇచ్చినది వివాద పరిష్కారంలో భాగంగా. అది దానం కాకపోదు. కాని శాసనాల్లో కనిపించే ధారాపూర్వక దానానికీ, న్యాయస్థానం సమక్షంలో కుదిరిన రాజీకీ మధ్య భేదం ఉంది. రెండవదానిలో రాజ్యం కేవలం చేయి చాచిన ప్రతిగ్రహీత కాదు. సేకరణ చెల్లాచెదురు కాకుండా అడ్డుపడి, దాన్ని మొదట ప్రజలకు చూపి, ఆ తరువాత యాజమాన్యం సాధించుకున్న క్రియాశీల పక్షం. ఏడేళ్ళపాటు ప్రజలు ఆ వస్తువులను చూస్తూ వచ్చారు, హక్కు ఆ తరువాత వచ్చింది. పుచ్చుకోవడం ముందు, ఇవ్వడం వెనుక జరిగిన అరుదైన సందర్భం ఇది.

ఇక్కడ జేమ్స్ కజిన్స్ పాత్ర విడిగా చెప్పుకోదగినది. ఐర్లండ్ కవి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడైన ఆయన పేరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల ద్వారా తెలుగువారికి పరిచితమే. 1919లో రవీంద్రుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించింది ఆయన అతిథిగా ఉన్నప్పుడే. ఇంట్లో అలంకారాలుగా, పెట్టెల్లో సరుకుగా ఉన్న వస్తువులకు వరస కల్పించినవారిని సంకలనకర్త అనాలి. చాటువులను సేకరించినవారిదీ, వాటిని వర్గీకరించి అచ్చువేసినవారిదీ వేర్వేరు శ్రమ అని మనం ఎరుగుదుం. ‘ఒకే వ్యక్తి సేకరణ’ అనే మాట ఈ రెండవ శ్రమను కూడా కనిపించకుండా చేస్తోంది.

5. దేయం:

ఆరు అంగాల్లో అత్యంత కఠినమైనది ఇదే. దేయవస్తువు ధర్మయుక్తంగా ఆర్జించినదై ఉండాలని స్మృతి నిబంధన. ఈ సేకరణకు మూలధనం ఎక్కడిది?

సాలార్ జంగ్ కుటుంబ సంపదకు ప్రధానాధారం జాగీరు. నిజాం రాజ్యంలో సుమారు 60 శాతం భూమి దివానీ, సుమారు 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్, మిగిలిన సుమారు 30 శాతం జాగీర్లు, తదితర ప్రత్యేకాధికారాల కింద ఉండేది. జాగీరు గ్రామాల శిస్తు ప్రభుత్వ ఖజానాకు కాక జాగీర్దారుకు చేరేది. ఇప్పటి నారాయణపేట జిల్లాలోని కోస్గి, ఇప్పటి కర్ణాటకలోని కొప్పళ, యెలబుర్గా ప్రాంతాలు ఈ కుటుంబం జాగీరులోనివే. తెలుగు రైతు, కన్నడ రైతు కట్టిన శిస్తు దివాన్ దేవిడికి చేరి, అక్కడినుంచి కలకత్తా, లండన్, పారిస్, రోమ్ నగరాల కళావర్తకులకు చేరింది.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. 30 ఏళ్ళు దివాన్‌గా పనిచేసిన మొదటి సాలార్ జంగ్ రాజ్యపాలనను సంస్కరించినవారు. శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని తొలగించి, 1865లో జిలాబందీ ద్వారా జిల్లాలను ఏర్పరచి, జీతం తీసుకొనే అధికారుల చేత వసూలు చేయించారు. కాని ఆ సంస్కరణలు ప్రధానంగా దివానీ గ్రామాలకు పరిమితం. జాగీరు గ్రామాలు వేరే వ్యవస్థగా 1949 వరకు కొనసాగాయి. తెలంగాణ నవల దొర, దేశ్‌ముఖ్, జాగీర్దారు చుట్టూ అల్లుకొన్న వెట్టి, అక్రమ వసూళ్ళ జీవితాన్ని చిత్రించడానికే పుట్టిందన్నా తప్పులేదు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ ఇందుకు ప్రసిద్ధ నిదర్శనాలు. ఆ నవలల్లోని ఊళ్ళను సాలార్ జంగ్ జాగీరుతో ముడిపెట్టడం సరికాదు. ఒక జాగీరులోని అన్యాయాన్ని మరొక జాగీర్దారుకు అంటగట్టడం విమర్శ ధర్మమూ కాదు. కాని భూమి దున్నినవాని ఫలంలో పెద్దభాగం భూమిని చూడనివానికి చేరే వ్యవస్థ అన్ని జాగీర్లకూ సమానం. ఆ వ్యవస్థ లేనిదే ఈ సేకరణ లేదు.

జాగీరు సొమ్ముతో కొన్నది గనుక కళ కళ కాకుండా పోతుందని ఈ వ్యాసం వాదించడం లేదు. రాజాశ్రయంలో పుట్టిన ప్రబంధాలను ఆ కారణంగా మనం త్యజించలేదు. అయితే ప్రబంధం అవతారికలో కృతిపతి వంశాన్ని చెబుతుంది, ఆ పోషణకు కర్త తాను ఋణపడి ఉన్నట్టు ఒప్పుకొంటుంది. మ్యూజియానికి అటువంటి అవతారిక రాయవలసి వస్తే అందులో కోస్గి రైతు పేరు కూడా ఉండాలి. సేకర్త వద్దకు ఆ ధనం ఏ దారిన వచ్చిందో చెప్పనంతవరకు ‘జాతికి దానం’ అనే వాక్యం తలకిందులుగా ఉంటుంది. ఎందుకంటే ఆ జాతిలో భాగమైన రైతులే మొదట ఇచ్చినవారు. 1951లోనో 1958లోనో జరిగినదాన్ని వారి దృష్టినుంచి చూస్తే కొంత తిరిగి రావడం అనాలి.

6. శ్రద్ధ:

సేకర్త శ్రద్ధను శంకించడానికి ఆధారం లేదు. పదవిని వదిలి, 35 ఏళ్ళు వస్తువుల వెంట తిరిగిన మనిషి అభిరుచిని కేవలం ధనిక విలాసంగా కొట్టిపారేయలేం. కాని ఆ అభిరుచికి ఒక స్వభావం ఉంది. అది ఏయే వస్తువుల్లో కనిపిస్తుందో చూడాలి.

6.1 మేలిముసుగు రెబెకా: ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోనీ చెక్కిన ఈ శిల్పానికి బైబిల్ ఆదికాండంలోని కథ ఆధారం. పెండ్లికుమారుడు ఇస్సాకును దూరాన చూసి రెబెకా ముసుగు వేసుకొన్న క్షణం ఇది. రాయి రాయిలా కాక తడిగుడ్డలా కనబడాలి, ముసుగు ఉంటూనే ముఖం కనబడాలి. శిల్పి ప్రతిభ అంతా ఈ కనబడీ కనబడనితనంలో ఉంది. బెంజోనీ ఈ శిల్పానికి ఒకటికంటే ఎక్కువ ప్రతులు చేశారు. అంటే ఇది ఏకైక కృతి కాదు, ఐరోపా పర్యటనకు వచ్చిన సంపన్నుల అభిరుచికి తగినట్టు పలుమార్లు తయారైన కృతి. దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. ప్రత్యంతరాలు ఉండడం కావ్యానికి ప్రచార చిహ్నమైనట్టే, ఇక్కడ కూడా 19వ శతాబ్ది సంపన్న ప్రపంచం ఏది అందమని నమ్మిందో ఆ ప్రతులు చెబుతాయి. ఆ నమ్మకంలో హైదరాబాదు దివాన్ కూడా భాగస్వామి.

6.2 జంట శిల్పం: ఒకే కొయ్యలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనుకవైపు మార్గరెట్టా. గొయ్తె ‘ఫౌస్ట్’ నాటకంలోని పాత్రలివి. ముందు తల ఎగరేసిన పురుషుడు, వెనుక అద్దంలో తల వంచుకొన్న స్త్రీ. మన చూపరులు ఆ నాటకం చదివి ఉండనక్కరలేదు. మంచీ చెడూ ఒకే దుంగలో ఉన్నాయని వారికి చూడగానే అర్థమవుతుంది. అర్ధనారీశ్వర మూర్తిని ఎరిగిన కంటికి ఒకే విగ్రహంలో స్త్రీపురుషులు కొత్త కాదు. కాని అక్కడి సామరస్యం ఇక్కడ లేదు. ఒకరికొకరు వెన్నుపెట్టి నిలిచారు. ఈ భేదాన్ని ఎత్తిచూపే తులనాత్మక వ్యాఖ్య ఒక్కటి ఆ శిల్పం పక్కన ఉంటే చూపరి చమత్కారం దాటి ఆలోచనలోకి వెళ్ళగలడు.

6.3 చేతులు మారిన గ్రంథం: మ్యూజియంలోని ఒక ఖురాన్ ప్రతిపై జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల స్వహస్తాక్షరాలు ఉన్నాయి. తాను ఎవరెవరి వద్ద ఉన్నదో ఆ గ్రంథమే చెప్పుకొంటుంది. వస్తుచరిత్ర అంటే ఏమిటో నేర్పే ఉత్తమ పాఠం ఇది. మ్యూజియం లేబుళ్ళు సాధారణంగా పేరు, దేశం, కాలం చెప్పి ఆగిపోతాయి. ఎక్కడ, ఎవరి వద్ద, ఏ సంవత్సరం సేకరించారు అనే వివరం ఉండదు. మొగలు చక్రవర్తులు పాటించిన నియమాన్ని ఆధునిక సంస్థ పాటించకపోవడం విచిత్రం.

6.4 బిద్రీ: జింకు ప్రధానంగా రాగి కలిపిన లోహంతో పాత్ర పోతపోసి, దానిపై వెండి తీగలు, రేకులు పొదిగి, బీదరు కోటమట్టితో నల్లబరిచే పని బిద్రీ. హుక్కా కుదుళ్ళు, పాన్‌దాన్లు, పళ్ళేలు, సురాహీలు ఈ గ్యాలరీలో ఉన్నాయి. బీదరు నిజాం రాజ్యంలో భాగం గనుక ఇది ఈ నేల సొంత కళ. రెబెకాను చెక్కిన శిల్పి పేరు, ఊరు మనకు తెలుసు. హుక్కా కుదురుపై గసగసాల పూలను పొదిగిన పనివాని పేరు మాత్రం మనకు చేరలేదు. ఇది ఒక్క మ్యూజియం లోపం కాదు. కళ, చేతిపని అనే విభజనతోపాటు వచ్చిన లోపం. జానపద గేయాన్ని ‘అజ్ఞాత కర్తృకం’ అని వదిలేసిన సాహిత్య చరిత్రలో కూడా ఇదే పద్ధతి ఉండేది. జానపద పరిశోధకులు గాయకుల పేర్లు, ఊళ్ళు, కులవృత్తులు నమోదు చేయడం మొదలుపెట్టాక ఆ పద్ధతి మారింది. బిద్రీకి ఆ మార్పు ఇంకా రావలసి ఉంది.

7. దేశకాలాలు:

దివాన్ దేవిడిలో వస్తువులు ఇంట్లో ఉన్నాయి. ఏ కుర్చీ ఏ గదిలో ఎందుకు ఉందో ఆ ఇల్లే చెప్పేది. 1968లో సేకరణ మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి మారింది. దివాన్ దేవిడిలో చాలాభాగం కూలిపోయింది. కొన్ని ద్వారాలు, వాటి చుట్టూ బట్టల బజారు మిగిలాయి. వస్తువులను కాపాడుకొని, వాటికి సందర్భమైన ఇంటిని పోగొట్టుకొన్నాం. కొత్త భవనంలో వస్తువులు దేశాలవారీగా, పదార్థాలవారీగా విడిపోయాయి. భారతీయం నడుమ, ఐరోపా పడమట, ప్రాచ్యం తూర్పున. ఈ అమరికలో స్పష్టత ఉంది. అయితే ఒకే గదిలో చైనా పింగాణీ, ఫ్రెంచి కుర్చీ, బిద్రీ పాన్‌దాన్ కలిసి బతికిన హైదరాబాదు మిశ్రమ జీవనం ఈ విభజనలో చెదిరిపోయింది.

కాలం మరింత గట్టిగా మాట్లాడుతుంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949 మార్చిలో సేకర్త మరణించారు. అదే సంవత్సరం ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధపోరాట విరమణ ప్రకటన వెలువడింది. రెండు నెలలు తిరగకముందే, డిసెంబరులో, మ్యూజియం తలుపులు తెరుచుకొన్నాయి. ఈ తేదీలను చరిత్ర పుస్తకాలు వేర్వేరు అధ్యాయాల్లో చెబుతాయి. పక్కపక్కన పెడితే అవి ఒకే ప్రక్రియకు దశలుగా కనిపిస్తాయి. జాగీరు భూమి, జాగీరు భూమితో కొన్న వస్తువు రెండూ ప్రభువుల చేతినుంచి జారిపోయిన కాలం ఇది. భూమి విషయంలో దాన్ని ‘రద్దు’ అన్నాం, వస్తువుల విషయంలో ‘దానం’ అన్నాం. మొదటి మాటలో పోరాటం వినిపిస్తుంది, రెండవ మాటలో ఔదార్యం వినిపిస్తుంది. మాటల ఎంపికే చరిత్ర దృక్పథాన్ని ఎలా నిర్ణయిస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

8. చూపరి:

మ్యూజియంలో ఎక్కువమంది ఒకేచోట చేరేది గడియారం ముందు. కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరుగల ఆ సంగీత గడియారంలో గంట గంటకూ ఒక బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళుతుంది. దాని కోసం పిల్లాపాపలతో కుటుంబాలు ముందుగానే వచ్చి కూర్చుంటాయి. కళాభిజ్ఞులు దీన్ని చిల్లర వేడుకగా చూడవచ్చు. కాని ఉర్దూలో మ్యూజియాన్ని ‘అజాయబ్‌ఘర్’ అంటారు, అంటే వింతల ఇల్లు. ఆ పేరును నమ్మి వచ్చిన చూపరికి గడియారమే అసలైన ప్రదర్శన. ఒకప్పుడు ఆ గంట ప్రభువుల ఇంట్లో, వారి అతిథులకు మాత్రమే వినిపించేది. ఇప్పుడు టికెట్ కొన్న ఎవరికైనా వినిపిస్తుంది. కోస్గినుంచి వచ్చిన కుటుంబం ఆ బెంచీమీద కూర్చున్నప్పుడు వారు అతిథులు కారు. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పకపోవడమే మ్యూజియం మౌనాల్లో పెద్దది.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. సాలార్ జంగ్ మ్యూజియం సేకరణ మూడు తరాల కృషి. ‘ఒకే వ్యక్తి సేకరణ’ అనే ప్రచారవాక్యానికి 1876నాటి రెబెకా శిల్పమే విరుద్ధ సాక్ష్యం.

2. సేకర్త, న్యాయపరమైన దాత, సంకలనకర్త వేర్వేరు. 1951నాటి ప్రారంభం, 1958నాటి రాజీ, 1961నాటి చట్టం అనే మూడు మెట్లలో ఇది ప్రజాసంస్థ అయింది.

3. దేయానికి మూలం జాగీరు ఆదాయం గనుక తొలి దాతలుగా జాగీరు రైతులను గుర్తించాలి. కోస్గి, కొప్పళ, యెలబుర్గా గ్రామాల పేర్లు మ్యూజియంలో ఒక పటంగానైనా కనిపించాలి.

4. లేబుళ్ళలో వస్తువు సేకరణ చరిత్రను చేర్చాలి. బిద్రీ వంటి స్థానిక కళల విషయంలో ఇప్పటికీ ఆ పని చేస్తున్న కుటుంబాల జ్ఞాపకాలను నమోదు చేయాలి. జానపద విజ్ఞాన శాఖలకు ఇది తగిన క్షేత్రపరిశోధన.

5. ‘దానం’ అనే మాటను విడిచిపెట్టనక్కరలేదు. దానశాసనం ఎంత వివరంగా మాట్లాడుతుందో అంత వివరంగా ఆ మాటను వాడాలి.

శాసనకర్తలు భూదానం నమోదు చేసేటప్పుడు ఎల్లలు చెప్పకుండా విడిచిపెట్టలేదు. తూర్పున ఏ చెరువు, పడమట ఏ పుట్ట అని రాసి గాని చేవ్రాలు చేయలేదు. 46,000 వస్తువుల దానానికి ఎల్లలు రాసే పని మిగిలే ఉంది. ఆ పనిలో చరిత్ర, కళాచరిత్ర శాఖలతోపాటు తెలుగు శాఖలు కూడా పాలుపంచుకోవాలి.